ఆన్‌లైన్ లిస్టింగులు చూసి మధురవాడ, ఎండాడ వైపు ఫ్లాట్ కొనాలి: మన తరఫు ఏజెంటుతో పని ఎలా చేయించుకోవాలి?

కొమ్మాది_కొనుగోలు:

అందరికీ నమస్కారం. విశాఖలో సొంతంగా ఉండటానికి ఫ్లాట్ వెతుకుతున్నాం. రిజిస్ట్రేషన్ ఖర్చులు కాకుండా బడ్జెట్ 75 లక్షలు, గట్టిగా లాగితే 80. మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, ఎండాడ వైపు మొదటి ఇష్టం. సీతమ్మధార, ఎంవీపీ కాలనీలో పాత ఫ్లాట్ దొరికినా సరే. ఉండేది బెంగళూరులో కాబట్టి నెలకి ఒక్క శని, ఆదివారాలే రాగలం. ఒక ట్రిప్పులో ఐదారు ఫ్లాట్లకి మించి చూడలేం.

99ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, హౌసింగ్ సైట్లు మూడింట్లోనూ సేవ్ చేసుకున్నవి 60 దాటాయి. ఒకే ఫ్లాట్ నాలుగు ధరలకి కనిపిస్తోంది. అందుకే అమ్మేవాళ్లతో సంబంధం లేకుండా మా తరఫునే పని చేసే ఏజెంటుని పెట్టుకుందామనుకుంటున్నాం. ఒకాయన ఫ్లాట్ ధరలో ఒక శాతం ఫీజు అడుగుతున్నారు. లింకు మేమే పంపినా, ఫ్లాట్ మేమే వెతుక్కున్నా ఆ ఒక శాతం ఇవ్వాలంటున్నారు.

అడగదలిచింది మూడు విషయాలు. ఈ 60ని పదికి ఎలా తగ్గించాలి? ఏజెంటుతో ఏం రాసుకోవాలి? టోకెన్ (బయానా) ఇచ్చే ముందు ఏ కాగితాలు చూడాలి, అందులో ఏవి మేం బెంగళూరు నుంచే చూడగలం?

లిస్టింగు_లెక్క:

మొదటి ప్రశ్నకి చెప్తానండి. లిస్టింగులో ధర, విస్తీర్ణం, ఫోటో మూడూ ప్రకటన వేసినవాళ్లు పెట్టినవే. ‘వెరిఫైడ్’ ముద్ర ఉందంటే ఫోన్ నంబరు గానీ ఫోటోలు గానీ సరిచూశారని అర్థం. దస్తావేజుల జోలికి ఎవరూ వెళ్లి ఉండరు.

ముందు డూప్లికేట్లు ఏరేయండి. అంతస్తు (‘5లో 3’ అని ఉంటుంది), ఫేసింగ్, విస్తీర్ణం, ఈ మూడూ కలిసిన ప్రకటనల్ని పక్కపక్కన పెట్టి ఫోటోలు చూడండి. హాల్లో టైల్స్ డిజైను, బాల్కనీ గ్రిల్లు, కిటికీలోంచి కనిపించే పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు ఒకటే అయితే ఫ్లాట్ ఒకటే. వాటిలో అతి తక్కువ ధర చాలాసార్లు ఫోన్ చేయించుకోవడానికి వేసిన ఎర. అతి ఎక్కువ ధరలో మధ్యవర్తుల వాటాలు కలిసి ఉంటాయి. ఓనరు నోటి ధర ఎంతో కనుక్కోవడం మీ ఏజెంటు చేయాల్సిన మొదటి పని. ఇలా ఏరితే మీ 60 చాలా తగ్గిపోతాయి.

ఫిల్టరులో పై హద్దు 75 దగ్గర ఆపకండి. పాత ఫ్లాట్ల ధరలు బేరానికి చోటు ఉంచుకునే వేస్తారు కాబట్టి 83 దాకా పెట్టండి. విస్తీర్ణం కింది హద్దు మాత్రం తగ్గించండి. ఎందుకో లెక్కలో చూపిస్తాను.

ఉదాహరణకి ఒక ఫ్లాట్ 1,450 చదరపు అడుగులు, అడుగు 5,500 అనుకోండి: 79,75,000. ఇంకోటి 1,300 అడుగులు, అడుగు 5,800: 75,40,000. అడుగు రేటు చూడగానే రెండోది ఖరీదనిపిస్తుంది. ఇప్పుడు కార్పెట్ ఏరియా అడగండి. మొదటిదానికి 1,015, రెండోదానికి 975 అన్నారనుకుందాం. కార్పెట్ అడుగు లెక్కన మొదటిది 7,857, రెండోది 7,733. 4,35,000 ఎక్కువ పెట్టి మీరు అదనంగా పొందేది 40 అడుగులు. మిగతా తేడా అంతా మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా. రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఫ్లాట్ లోపల వాడుకునే నేల, గదుల మధ్య గోడలు కలిపి. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీలు అందులో రావు. మనవైపు ‘ప్లింత్ ఏరియా’, ‘స్లాబ్ ఏరియా’, ‘సూపర్ బిల్టప్’ అని మూడు రకాలుగా చెప్పి మూడింటినీ ఒకే అంకెకి వాడేస్తుంటారు. ఫోన్లో ఈ మాటలు వినిపిస్తే ఆగి, ‘కార్పెట్ ఎంత?’ అని విడిగా అడగండి.

దాంతోపాటే యూడీఎస్ (స్థలంలో ఆ ఫ్లాటుకి వచ్చే విభజించని వాటా) ఎన్ని గజాలో అడగాలి. పాత అపార్ట్‌మెంటుకి విలువ అక్కడే ఉంటుంది. ఎంవీపీలోనో సీతమ్మధారలోనో పాతికేళ్ల బిల్డింగు కొంటే గోడలకి ఇచ్చే డబ్బు తక్కువ, నేలకి ఇచ్చేది ఎక్కువ.

ధర పక్కన ‘ఆన్‌వర్డ్స్’ అని ఉంటే కారు పార్కింగు, ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు చార్జీలు, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ నిర్వహణ నిధి), పై అంతస్తులకి అదనపు రేటు, ఈస్ట్ ఫేసింగుకి అదనం, అన్నీ వేరుగా ఉంటాయి. మొత్తం ఎంతో ఒక్క అంకెలో వాట్సాప్‌లో రాయించుకోండి. కడుతూ ఉన్న ఫ్లాటుకి 5 శాతం జీఎస్‌టీ పడుతుంది. కార్పెట్ 90 చదరపు మీటర్లు, అంటే సుమారు 968 అడుగుల లోపు, ధర 45 లక్షల లోపు రెండూ ఉంటేనే 1 శాతం. మీ బడ్జెటుకి ఆ తగ్గింపు రాదు. ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చాక మొత్తం డబ్బు కట్టే ఫ్లాటుకి, రీసేల్‌కి జీఎస్‌టీ లేదు.

ఏరియా పేర్లు కూడా నమ్మకండి. ‘మధురవాడ’ అని కొడితే కార్‌షెడ్ జంక్షన్ నుంచి మారికవలస దాకా అన్నీ వస్తాయి. మ్యాపులో పిన్ను చాలావాటికి ఆ ఏరియా నడిబొడ్డున పడి ఉంటుంది. ‘హైవే ఫేసింగ్’ అంటే ఊళ్లోంచి వెళ్లే పాత హైవేనో, ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్లే ఆరు వరసల బైపాసో అడగాలి. రెండూ వేర్వేరు జీవితాలు.

సీతమ్మధార_సలహా:

ఏజెంటు విషయం నేను చెప్తాను. విశాఖలో రెండు వైపులా చెరో శాతం తీసుకోవడం వాడుకలో ఉంది. కొత్త ప్రాజెక్టుల్లో బిల్డరు నుంచి కూడా కమీషన్ ముడుతుంది. కాబట్టి ‘మీ తరఫు’ అనే మాటకి నోటి హామీ చాలదు. డబ్బు ఎటు నుంచి వస్తుందో కాగితం మీద ఉండాలి. మీ ఒక శాతం తీసుకునే మనిషి ఓనరు దగ్గరో బిల్డరు దగ్గరో పైసా తీసుకోకూడదు, తీసుకుంటే ఆ మొత్తం మీ ఫీజులోంచి తగ్గాలి. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోకపోతే ఆయన మీ ఏజెంటు కాదు, మామూలు మధ్యవర్తి. మామూలు మధ్యవర్తితోనూ కొనవచ్చు, అందులో తప్పేం లేదు. కాకపోతే బేరం ఆయన చేతికి ఇవ్వకూడదు.

మీరే పంపిన లింకుకి కూడా ఫీజు అడగడం నాకు అన్యాయంగా అనిపించదు. వెతకడం సులువైన భాగం. ఓనరుని పట్టుకుని దస్తావేజు కాపీలు రాబట్టడం, మీరు రాకముందే వెళ్లి వీడియో తీయడం, ధర తగ్గించడం, రిజిస్ట్రేషన్ రోజు దాకా వెంట ఉండటం, అసలు పని అదంతా. కానీ ఆ పనులు పేరుపేరునా రాసుకోండి. నేనైతే ఒక పేజీలో వీటిని పెట్టిస్తాను. ఫీజు ఎంత, ఏ మొత్తం మీద (పార్కింగు, కప్‌బోర్డులు కలిపిన ధర మీదా, కలపకుండానా). ఫీజు మీద జీఎస్‌టీ అదనమా, కలిపా. గడువు 90 రోజులు. చెల్లింపు రిజిస్ట్రేషన్ అయిన రోజునే. అగ్రిమెంటు రోజున సగం అడుగుతారు, ఒప్పుకోకండి. అగ్రిమెంటుకీ రిజిస్ట్రేషనుకీ మధ్యనే లీగల్‌లో అడ్డంకులు బయటపడేది, అప్పుడే ఏజెంటు అవసరం ఎక్కువ. కొనకపోతే తిరిగిన ఖర్చులకి ఇంత అని ఒక చిన్న మొత్తం రాయండి, మనిషి పని ఊరికే పోకూడదు.

ఇంకో చిక్కు ఉంది. మనవైపు ‘మొదట చూపించినవాడికే కమీషన్’ అనే కట్టుబాటు గట్టిది. ఏజెంటుని పెట్టుకున్నాక కూడా మీరు పోర్టల్లో నంబర్లకి స్వయంగా ఫోన్ చేస్తూ ఉంటే, ఆ అవతలివాళ్లు ‘పార్టీ మాది’ అంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమ్మంలో ఇద్దరు ముగ్గురు కమీషన్ కోసం నిలబడతారు. అందుకని సంతకం పెట్టిన రోజు నుంచి ఫోన్లు మానేయండి, లింకు ఏజెంటుకి పంపండి. ఇప్పటికే మీరు ఎవరితో ఏ ఫ్లాట్ గురించి మాట్లాడారో ఆ జాబితా ఒప్పందానికి జత చేయండి.

రెరా సంగతి. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాట్ అమ్మించాలన్నా కొనిపించాలన్నా ఏజెంటుకి కూడా రెరా నమోదు ఉండాలి. చట్టంలో 9వ సెక్షను. ఏపీ రెరా సైట్లో ఏజెంట్ల జాబితాలో పేరు, గడువు చూసుకోవచ్చు. పాత బిల్డింగుల రీసేల్ మాత్రమే చేసేవాళ్లలో చాలామందికి ఆ నంబరు ఉండదు. మీరు కొత్తవీ పాతవీ రెండూ చూస్తున్నారు కాబట్టి నంబరున్న మనిషినే పెట్టుకోండి.

టోకెన్ ఏజెంటు ఖాతాలో ఎప్పుడూ వేయకండి.

కొమ్మాది_కొనుగోలు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. కార్పెట్ లెక్కన చూస్తే మా పట్టిక మొత్తం తలకిందులైంది. ఇప్పుడు ముందున్నవి రెండు. ఒకటి ఎండాడలో కొత్త బిల్డింగు, అయిదో అంతస్తు, ‘సీ వ్యూ, రెరా అప్రూవ్డ్, ల్యాండ్ ఓనర్ షేర్’ అని ఉంది, నంబరు ఇవ్వలేదు. రెండోది వేపగుంటలో, మిగతావాటికంటే బాగా చవక. ఏజెంటు ‘కాగితాలు వచ్చాక చూద్దాం, ముందు వచ్చి ఫ్లాట్ చూడండి’ అంటున్నారు. వెళ్లాలా?

దస్తావేజు_చదువరి:

వెళ్లకండి. వరస తిరగేయండి. ముందు నంబర్లు, తరవాత ప్రయాణం. మీరు అడగాల్సినవి నాలుగు: ఫ్లాట్ నంబరుతో సహా డోర్ నంబరు, సర్వే నంబరు, అమ్మేవారి దస్తావేజు నంబరు–సంవత్సరం, ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబరు. నిజంగా అమ్మదలచిన ఓనరు వీటిని పది నిమిషాల్లో ఫోటో తీసి పంపగలడు. వారం గడిచినా రాలేదంటే మధ్యలో మనుషులు ఎక్కువున్నారని, లేదా ఓనరుకి అమ్మే ఉద్దేశం ఖాయం కాలేదని అర్థం.

వేపగుంట ముందు చెప్తాను, అది ముఖ్యం. వేపగుంట, అడవివరం, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం, ఈ అయిదింటినీ పంచగ్రామాలంటారు. సింహాచలం దేవస్థానంతో భూముల వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. అందులో చిక్కుకున్న సర్వే నంబర్లలో ఇళ్లు ఉంటాయి, కరెంటు ఉంటుంది, ఇంటిపన్నూ కడుతుంటారు. రిజిస్ట్రేషన్ మాత్రం జరగదు, కాబట్టి బ్యాంకు లోనూ రాదు. ఆ ఊళ్లో ప్రతి గజమూ వివాదంలో ఉందని కాదు. అందుకే సర్వే నంబరు చేతికి రాకుండా చవక ధర గురించి ఆలోచించడమే దండగ. నంబరు వచ్చాక రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో నిషేధిత ఆస్తుల జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను జాబితా, తెరిచి వెతకండి. దేవాదాయ, వక్ఫ్ భూములు ‘సీ’ కింద, సీలింగు మిగులు భూములు (భూపరిమితికి మించినవిగా తేల్చినవి) ‘డీ’ కింద, ప్రభుత్వ భూములు ‘బీ’ కింద కనిపిస్తాయి. సిటీలో సీలింగు మిగులు కూడా తక్కువ సమస్య కాదు. సబ్ డివిజన్ గీత తర్వాత అంకె (ఉదాహరణకి 62/3లో 3) తేడా వస్తే ఫలితం మారిపోతుంది, దస్తావేజులో ఎలా ఉందో అలాగే కొట్టండి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) బెంగళూరు నుంచే తీయవచ్చు. రెండుసార్లు తీయండి: ఒకసారి ఫ్లాట్, డోర్ నంబరుతో, ఇంకోసారి సర్వే నంబరుతో. ఫ్లాటు ఈసీలో ఫ్లాటు చరిత్రే ఉంటుంది. స్థలం మీద పాత తనఖా, కోర్టు అటాచ్‌మెంటు సర్వే నంబరు ఈసీలో బయటపడతాయి. కనీసం 30 ఏళ్లు చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు విడిపోయిన చోట పాత లావాదేవీలు పాత ఆఫీసులోనే ఉండిపోతాయి. మధురవాడ ఆఫీసులో వెతికి ‘ఏమీ లేవు’ అని వస్తే, అంతకుముందు ఆ ఊరు ఏ ఆఫీసు కిందుండేదో కనుక్కుని అక్కడా చూడాలి.

ఈసీ చదివేటప్పుడు వరస పేర్లు గొలుసులా కలవాలి. ఈ వరసలో కొన్నవారే కింది వరసలో అమ్మాలి. మధ్యలో పేరు మారితే వీలునామానో, పంపకమో, చనిపోయినవారి వారసులో ఉంటారు. ఆ లింకు డాక్యుమెంటు అడగండి. ‘డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్’ (లోను కోసం బ్యాంకులో దస్తావేజులు పెట్టడం) అని కనిపించి, కింద ఎక్కడా విడుదల కనిపించకపోతే లోను బతికే ఉంది. ఓనరు బ్యాంకులో కాగితాలు పెట్టి మెమొరాండం రిజిస్టర్ చేయించకపోతే అది ఈసీలో రానే రాదు. దానికి సెర్సాయ్ (బ్యాంకు తనఖాల కేంద్ర రిజిస్ట్రీ) సైట్లో వెతకాలి. కొద్ది ఫీజు ఉంటుంది, తప్పనిసరిగా చేయండి.

ఇక ఎండాడది. ‘రెరా అప్రూవ్డ్’ అని రాసి నంబరు ఇవ్వకపోవడం చట్టానికే విరుద్ధం, ప్రకటనలో నంబరు ఉండాలి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరా నమోదు అవసరం లేదు. అలాంటిదయితే ‘అప్రూవ్డ్’ అనే మాటే తప్పు. నంబరు ఉంటే ఏపీ రెరా సైట్లో మంజూరైన ప్లాను, ఒక్కో ఫ్లాటు కార్పెట్ ఏరియా, పూర్తిచేస్తామన్న తేదీ దొరుకుతాయి.

ల్యాండ్ ఓనర్ షేర్ (స్థలం ఇచ్చినందుకు దాని ఓనరు వాటాకి వచ్చిన ఫ్లాటు) అన్నారు కాబట్టి బిల్డరూ స్థలం ఓనరూ రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ఒక్కటే చాలదు. ఏ ఫ్లాటు ఎవరిదో నంబర్లతో రాసుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటు ఉండాలి, అది రిజిస్టరై ఉండాలి. అది లేకుండా కొంటే బిల్డరూ స్థలం ఓనరూ ఇద్దరూ ఒకే ఫ్లాటు తమదనే అవకాశం ఉంది. రెండోది, ప్లాను మంజూరు చేసేటప్పుడు కట్టే విస్తీర్ణంలో కొంత భాగం స్థానిక సంస్థకి తనఖా పెట్టించి ఉండవచ్చు, ఓసీ ఇచ్చాకే విడుదల. మీ 5వ అంతస్తు ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో చూడండి. మూడోది, మంజూరైన అంతస్తులు ఎన్ని? స్టిల్టు (కింద పార్కింగుకి వదిలిన అంతస్తు) మీద నాలుగుకి అనుమతి ఉండి అయిదోది పైన లేపితే ఓసీ రాదు, లోను రాదు. ‘పెంట్‌హౌస్’ అని వచ్చే ప్రకటనలన్నిటికీ ఇదే ప్రశ్న.

ఎండాడ, సాగర్‌నగర్, ఋషికొండ వైపు సముద్రానికి దగ్గరగా ఉంటే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు కూడా చూడాలి. గరిష్ఠ పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి.

టేపు_కొలత:

కాగితాలు తేలాక చూడటానికి వచ్చినప్పుడు పనికొచ్చేవి. లేజర్ మీటరు తెచ్చుకోండి, ప్రతి గదీ గోడ నుంచి గోడకి కొలవండి, చెప్పిన కార్పెట్‌తో సరిపోల్చండి. సముద్రం వైపు ఫ్లాటయితే ఫోటోలో కనిపించనిది ఉప్పుగాలి పని. బాల్కనీకి వెళ్లి పైనున్న స్లాబు అడుగు భాగం చూడండి. వెంట్రుక మందం పగులు, దాని పొడవునా గోధుమ రంగు మరక ఉంటే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోంది. వేలి కణుపుతో కొడితే అక్కడ బోలుగా మోగుతుంది. కొత్తగా రంగు వేసి ఉంటే చేత్తో తడమండి, అతుకు వేసిన చోట ఎత్తుపల్లాలు తెలుస్తాయి. కిటికీ బందులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు కూడా చూడండి. రేకుల మీద తెల్లటి పొడి పేరుకుందంటే ఏసీ ఆయుష్షు తగ్గిపోతున్నట్టే.

‘సీ వ్యూ’ అన్నప్పుడు ముందున్న ఖాళీ స్థలం ఎవరిదో, అక్కడ ఎన్ని అంతస్తులు లేవవచ్చో అడగండి. అడ్డు రానిది ముందు రోడ్డో, కట్టడానికి వీల్లేని స్థలమో ఉన్నప్పుడే.

నీళ్లు: జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కనెక్షనా, బోరా, వేసవిలో ట్యాంకర్లా? మాటలొద్దు, అసోసియేషన్ ఏప్రిల్, మే ట్యాంకర్ బిల్లులు చూపించమనండి. బోరు నీటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకి మిల్లీగ్రాముల్లో) చేతి మీటరుతో చూడండి. తాగునీటికి 500 దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా అనుమతి. తీరం పక్కన బోర్లలో ఉప్పు పెరిగితే గీజరు, కుళాయిలు త్వరగా పాడవుతాయి.

మీరు రాకముందు ఏజెంటుతో వీడియో తీయించేటప్పుడు ‘వీధి మలుపు నుంచి మొదలుపెట్టి, కట్ లేకుండా, స్టిల్టులో మన పార్కింగు దాకా, అక్కడి నుంచి లిఫ్టు, ఫ్లాటు’ అని చెప్పండి. పార్కింగు రెండు స్తంభాల మధ్య ఎంత వెడల్పో టేపు పెట్టి చూపించమనండి. వీలైతే వాన పడిన మర్నాడు తీయించండి. పై అంతస్తు సీలింగు మూలలు, కిటికీ కింద గోడ అప్పుడే నిజం చెప్తాయి.

కొమ్మాది_కొనుగోలు:

వేపగుంటది సర్వే నంబరు అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు, పక్కన పెట్టేశాం. ఎండాడ నంబర్లు రేపు ఇస్తామన్నారు. టోకెన్ ఎంత, ఎలా ఇవ్వాలో కూడా ఎవరైనా చెప్తారా?

దస్తావేజు_చదువరి:

రీసేల్‌కి లీగల్ ఒపీనియన్ వచ్చేదాకా చిన్న మొత్తమే, ఓనరు ఖాతాకి బ్యాంకు ద్వారా. నగదుగా 20,000 గానీ అంతకు మించి గానీ తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రసీదులో ‘టైటిల్ సరిగా లేదని మా లాయరు చెప్పినా, బ్యాంకు లీగల్‌లో తిరస్కరించినా 15 రోజుల్లో మొత్తం తిరిగి ఇవ్వాలి’ అని రాయించండి. ఇల్లు ఇద్దరి పేరున ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. బిల్డరు దగ్గర నేరుగా కొంటే రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు, అది రెరా చట్టం 13వ సెక్షను.

ధర 50 లక్షలు, అంతకు మించితే ఒక శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మీరే మినహాయించి కట్టాలి. టోకెన్‌తో మొదలుపెట్టి ప్రతి చెల్లింపు మీదా. మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోపు కట్టేయాలి. ఓనరు పాన్ పనిచేస్తోందో లేదో ముందే చూడండి, చెల్లని పాన్ అయితే 20 శాతం పట్టాల్సి వస్తుంది. ఓనరు విదేశాల్లో ఉంటే ఈ ఒక శాతం లెక్క వర్తించదు, ఆడిటరుని అడగకుండా టోకెన్ కూడా ఇవ్వకండి.

రిజిస్ట్రేషనుకి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 75,40,000 మీద 5,65,500. ప్రభుత్వ మార్కెట్ విలువ మీ ధర కంటే ఎక్కువుంటే దాని మీద లెక్క వేస్తారు. బ్యాంకు లోను లెక్కలో ఈ ఖర్చు కలపదు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉన్న లోనుకి ఆస్తి విలువలో 80 శాతమే గరిష్ఠం కాబట్టి మిగతా 20 శాతం, ఈ ఏడున్నర, ఏజెంటు ఒకటి, అన్నీ మీ చేతిలో ఉండాలి. 75,40,000కి అది 21 లక్షల పైమాటే. ఎండాడ నంబర్లు వచ్చాక ఈసీలో ఏదైనా అర్థం కాకపోతే పేర్లు చెరిపేసి ఆ వరసలు ఇక్కడ పెట్టండి.